చెక్కతో చెక్కిన దేవుడి విగ్రహం ఇంట్లో పూజకు పనికొస్తుందా?

అమ్మా, మీరు అడిగింది ఇదీ. జానెడు ఎత్తు వేంకటేశ్వర స్వామిని చెక్కలో చెక్కించుకుని పూజగదిలో పెట్టుకోవాలని మీకు ఉంది. కొయ్య విగ్రహం షోకేసుకే గానీ పూజకు పనికిరాదని, రేపు బీట పడితే ఇంటికి అరిష్టమని మీ అత్తగారు అంటున్నారు. ఏ చెక్క మంచిది, అభిషేకం చేయొచ్చా, స్వామి చేతులకు అర్థమేమిటి, చేత్తో చెక్కిందో మిషన్ మీద తీసిందో ఎలా తెలుస్తుంది అని కూడా అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. పనికొస్తుంది, నిశ్చింతగా పెట్టుకోండి. నీళ్ళతో, పాలతో అభిషేకం మాత్రం చేయొద్దు. బీట పడటం వేరు, విగ్రహం భిన్నం కావడం వేరు. ఈ చివరి మాట మీ అత్తగారితో మాట్లాడేటప్పుడు అవసరం కాబట్టి కింద వివరంగా రాస్తాను.

నాది తిరుపతి వైపు. ముప్ఫై ఏళ్ళు దాటింది ఉలి పట్టి. ఏర్పేడు మండలంలో మాధవమాల అనే ఊరుంది, కొయ్య విగ్రహాలకు పేరున్న ఊరు. ఇంటి ముందు పందిరి కింద మొద్దు, దాని చుట్టూ చెక్కపేళ్ళు, లోపల సగం చెక్కిన వినాయకుడు అక్కడ మామూలుగా కనిపించే దృశ్యం. పని నేర్చుకునే రోజుల్లో అక్కడి పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని చూసినవే నా చేతికి ఇప్పటికీ ఆధారం.

కొయ్య పూజకు పనికిరాదన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో గానీ, మన గ్రంథాల్లో అయితే లేదు. భాగవతం ఏకాదశ స్కంధంలో కృష్ణుడు ఉద్ధవుడికి ప్రతిమలు ఎనిమిది రకాలని చెబుతాడు: "శైలీ దారుమయీ లౌహీ లేప్యా లేఖ్యా చ సైకతీ, మనోమయీ మణిమయీ ప్రతిమాష్టవిధా స్మృతా." ఇందులో మొదటిది రాయి, రెండోది కొయ్య. లోహం ఆ తర్వాతే వచ్చింది. పాతకాలపు జ్యోతిష పండితుడు వరాహమిహిరుడు తన బృహత్సంహిత గ్రంథంలో ఇంకో అడుగు ముందుకు వేసి, కొయ్యతో గానీ మట్టితో గానీ చేసిన ప్రతిమ ఆయుష్షు, సంపద, బలం, జయం ఇస్తుందన్నాడు.

గ్రంథాల సంగతి పక్కన పెట్టినా పూరీ ఉంది కదా. జగన్నాథుడు, బలభద్రుడు, సుభద్ర, సుదర్శనం, నలుగురూ వేపకొయ్యే. అక్కడ ఆయన్ని దారుబ్రహ్మం అనే కొలుస్తారు, దారువు అంటే కొయ్య. కంచి వరదరాజస్వామి కోవెలలో అత్తి వరదరు ఉన్నారు. అత్తి అంటే మనం మేడి అంటామే, అదే చెట్టు. స్వామి కోనేటి అడుగున ఉండి, 40 ఏళ్ళకోసారి బయటికి వస్తారు. 2019లో వచ్చినప్పుడు నేనూ వెళ్ళి గంటల తరబడి వరుసలో నిలబడ్డాను. దర్శనం దొరికింది క్షణమే. ఆ క్షణంలో కూడా నా కన్ను కొయ్య మీదికే పోయింది. మా పనివాళ్ళకు తెలిసిన మాట ఒకటుంది: పూర్తిగా నీటిలో మునిగి ఉన్న కర్ర చెడదు, తడిసి ఆరి మళ్ళీ తడిసే కర్రే చెడుతుంది. మీ అభిషేకం ప్రశ్నకు కూడా సగం జవాబు అదే.

మన కాజీపేటలో శ్వేతార్క మూల గణపతి ఉన్నాడు, తెల్ల జిల్లేడు వేరులో వెలసిన స్వామి. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి ఉత్సవమంతా సిరిమాను చుట్టూనే తిరుగుతుంది, అది చింతచెట్టు మాను. కొయ్యలో దేవుణ్ణి చూడటం మనకు కొత్త కాదమ్మా.

అర్థం చేతుల దగ్గర మొదలవదు, చెట్టు దగ్గర మొదలవుతుంది

చెక్క విగ్రహం అనగానే అందరూ శంఖమేమిటి, చక్రమేమిటి అని అడుగుతారు. అవి రాతి విగ్రహానికీ ఉంటాయి, ఇత్తడి విగ్రహానికీ ఉంటాయి. కొయ్యకు మాత్రమే ఉన్న సంగతి వేరే. అది ఒకప్పుడు ప్రాణంతో నిలబడి ఉన్నది. గాలికి ఊగింది, పక్షులకు ఇల్లయింది. దాన్ని కొట్టి దేవుణ్ణి చేస్తున్నాం. ఆ బాధ్యత మన పూర్వులకు బాగా తెలుసు.

బృహత్సంహితలో ప్రతిమ కోసం అడవికి వెళ్ళే పద్ధతికి ఒక అధ్యాయమే ఉంది. చెట్టును కొట్టే ముందు రాత్రి దానికి పూజ చేసి, ఫలానా దేవుడి అర్చన కోసం నిన్ను అనుకున్నాం, ఈ పూజ అందుకో అని చెట్టుకే చెప్పాలి. ఈ చెట్టు మీద నివసించే భూతాలన్నీ ఈ బలి తీసుకుని వేరేచోట నివాసం ఏర్పరచుకోండి, మమ్మల్ని క్షమించండి అని వేడుకోవాలి. నేను అడవిలో చెట్టు కొట్టను, డిపోలో మొద్దు కొంటాను. అయినా మొదటి ఉలి దెబ్బకు ముందు మొద్దు మీద చెయ్యి పెట్టి ఆ క్షమించమనే మాట అనుకుంటాను. అనుకోకుండా మొదలుపెట్టిన పని నాకు గుర్తులేదు.

అదే అధ్యాయంలో ఇంకో నియమం ఉంది. చెట్టు ఏ దిక్కుకు ఎలా నిలబడిందో ప్రతిమ కూడా అలాగే నిలబడాలి, అందుకని కొట్టకముందే దిక్కులు, పైభాగం, కిందిభాగం గుర్తు పెట్టుకోవాలి అని. అంటే వేరు వైపు ఉన్నది పాదాలు కావాలి, కొమ్మల వైపు ఉన్నది శిరస్సు కావాలి. తలకిందులు చేయకూడదు. నా మొద్దుల మీద వేరు వైపు రెండు గీట్లు ఉంటాయి, పొరపాటు జరగకూడదని. చెక్కేవాణ్ణి మీరు ఒక్క ప్రశ్నే అడగగలిగితే ఇది అడగండి: అయ్యా, ఈ ముక్కలో వేరు వైపు ఏది? తడుముకోకుండా చూపించాడంటే మంచి పనివాడు.

ఇక్కడ నాకు చాలాకాలం అర్థంకాని సంగతొకటి ఉంది. శ్మశానంలోని చెట్టు, పుట్ట మీద మొలిచిన చెట్టు ప్రతిమకు వద్దంటాడు వరాహమిహిరుడు. పూరీ స్వామికి దారువు వెతికేటప్పుడు మాత్రం, దగ్గరలో శ్మశానం ఉండాలి, మొదట్లో పుట్టా పాము కన్నం ఉండాలి, మాను మీద శంఖచక్రాల గుర్తులు కనిపించాలి అని లక్షణాలు చూస్తారు. అందరూ వద్దన్న చోటే ఆయన దొరుకుతాడు. ఆయన్ని మొదట కొలిచింది అడవిలో ఉండే శబర జాతివాడు విశ్వావసువు అన్న కథ తలుచుకున్నాక నాకు ఆ తేడా తప్పుగా అనిపించడం మానేసింది. ఒక్కో క్షేత్రానికి ఒక్కో సంప్రదాయం. ఇంటి విగ్రహానికి మాత్రం నేను మొదటిదే పాటిస్తాను: పిడుగు పడ్డది, కాలినది, దానంతటదే ఎండి పడిపోయినది వాడను.

ఏ చెక్క

పాత గ్రంథంలో దేవదారు, చందనం, జమ్మి, ఇప్ప, రావి, మారేడు, చండ్ర, మద్ది, మామిడి వంటి పేర్లున్నాయి. వాటిని వర్ణాల వారీగా పంచి చెప్పారు. ఆ పంపకం నేను పాటించను, ఎవరికీ పాటించమని చెప్పను. ఈ కాలంలో మీకు దొరికేవి ఇవి.

ఎర్రచందనం అంటే తిరుపతి చెక్కడాలకు పేరు తెచ్చిన కర్ర. గట్టిగా, బరువుగా, నార (కర్రలో నిలువుగా పోయే పోగులు) సన్నగా ఉంటుంది. వేలిగోరంత ముఖంలో కూడా పెదవి వంపు నిలుస్తుంది. పురుగు పట్టడం అరుదు. కానీ శేషాచలం, పాలకొండ, వెలిగొండ కొండల్లో తప్ప సహజంగా పెద్దగా పెరగదు, దొంగరవాణా ఎంతుందో మీకు తెలిసిందే. అటవీశాఖ అనుమతితో వచ్చిన కర్రేనని కాగితం చూపించని చోట కొనొద్దు. దొంగ కర్రలో దేవుణ్ణి ఇంటికి తెచ్చుకోవడం నాకు ససేమిరా ఇష్టం ఉండదు. విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపాలనుకుంటే ఎర్రచందనం అసలే వద్దు, ఎగుమతికి ఆంక్షలున్నాయి, ఎయిర్‌పోర్టులో టెన్షన్ పడతారు.

వేప నాకు ఇష్టమైన కర్ర. చేదు వల్ల పురుగు తక్కువ. పూరీ స్వామి కర్ర అన్న భక్తి ఎలాగూ ఉంది. దాని చిక్కు ఏమిటంటే నార అటూ ఇటూ మెలి తిరిగి ఉంటుంది, సరిగ్గా ఆరకపోతే బీట వారుతుంది. టేకు చేవ, అంటే మొద్దు లోపలి ముదురు రంగు భాగం, అన్నిటికన్నా నిలకడగా ఉంటుంది, కాకపోతే నార బిరుసు, మరీ చిన్న ముఖానికి సన్నటి పని రాదు. కొండపల్లి, నిర్మల్ బొమ్మలు చేసే పొణికి చాలా తేలిక. కొండపల్లివాళ్ళు చేతులూ కాళ్ళూ విడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, పైన రంగులు వేస్తారు. దశావతారాలు అందులో చాలా ముచ్చటగా ఉంటాయి. బొమ్మల కొలువుకు అంతకన్నా మంచివి లేవు, తడి మాత్రం తగలకూడదు.

మీ జానెడు విగ్రహానికి నా సలహా: రెండేళ్ళు నీడన ఆరిన వేప చేవ, లేకపోతే టేకు చేవ. బయట తెల్లగా ఉండే భాగానికి పురుగు ముందు పడుతుంది, అది పూర్తిగా తీసేయాలి. మొద్దు నడిమి బిందువు కూడా ఆ ముక్కలో ఉండకూడదు, ఎందుకో బీటల దగ్గర చెప్తాను.

జానెడు అని మీరు అడగడం కూడా సరైనదే. ఇంట్లో పూజించే ప్రతిమ బొటనవేలి కణుపు నుంచి జానెడు దాకా ఉండొచ్చు, అంతకు మించొద్దు అని మత్స్యపురాణం చెబుతుంది. అడుగున్నర విగ్రహం అంటగట్టాలని చూస్తే వద్దనండి.

కొలత, చేతులు, కళ్ళు

విగ్రహం ఎత్తును మొదట భాగాలుగా పంచుకుంటాం. ఒక్కో భాగం ఒక అంగుళం, 12 అంగుళాలు ఒక తాళం. టేపు మీద ఉండే అంగుళం కాదిది, ఆ విగ్రహం ఎత్తును బట్టి వచ్చే అంగుళం. విష్ణుమూర్తికి ఉత్తమ దశతాళం, అంటే పది తాళాల పైన ఇంకో నాలుగు, మొత్తం 124 భాగాలు. అమ్మవార్లకు మధ్యమ దశతాళం, 120. వినాయకుడికి ఐదు తాళాలే, అందుకే ఆయన పొట్టిగా ముద్దుగా ఉంటాడు. మీ జానెడు స్వామిలో ఒక్కో భాగం రెండు మిల్లీమీటర్లకు లోపే వస్తుంది. ఆ సన్నటి కొలతలోనే ముక్కు, పెదవి, కన్ను అన్నీ రావాలి.

తిరుమల స్వామికి పై కుడిచేతిలో చక్రం, పై ఎడమచేతిలో శంఖం. కింది కుడిచెయ్యి వరదహస్తం, అరచేయి మన వైపు, వేళ్ళు కిందికి. ఆ వేళ్ళు పాదాలను చూపిస్తున్నాయి, శరణు అక్కడే అని పెద్దలు చెప్పే అర్థం. కింది ఎడమచెయ్యి కటిహస్తం, నడుం పక్కన ఆనుతుంది. ఆ పాదాలు పట్టుకున్నవాడికి సంసారసాగరం నడుం లోతే అని దాని భావం. వక్షస్థలం మీద అమ్మవారు. కుడిచేతి వేళ్ళు పైకి ఉంటే అది అభయహస్తం. విష్ణుమూర్తికి అదీ ఉంటుంది, తప్పు లేదు, కానీ అది తిరుమల స్వామి రూపం కాదు.

ఒక ఇంటివాళ్ళు నాకు వాట్సాప్‌లో ఫొటో పంపి అచ్చం ఇలాగే కావాలన్నారు. చూస్తే చక్రం ఎడమచేతిలో ఉంది. ఎవరో ఫొటోను అద్దంలో బొమ్మలా తిప్పేశారు. ఆ ఫొటోనే నమ్ముకుని చెక్కి ఉంటే విగ్రహమంతా తిరగబడేది. మీరు ఫొటో ఇచ్చేటప్పుడు ముందు చక్రం ఏ చేతిలో ఉందో చూడండి.

కొయ్యలో ఇంకో కట్టుబాటు ఉంది. నార పైనుంచి కిందికి పోతుంది కాబట్టి, అడ్డంగా బయటికి చాచిన చెయ్యి చిన్న దెబ్బకే విరుగుతుంది. అందుకే కొయ్యలో నిలువుగా నిలబడే మూర్తులు బాగా కుదురుతాయి. వేంకటేశ్వరుడు, పాండురంగడు, చేతులు జోడించిన ఆంజనేయుడు ఒక్క ముక్కలోనే వస్తారు. జ్వాలల వలయంలో తాండవమాడే నటరాజును పంచలోహంలోనే చూడాలి. ఏ రూపానికి ఒప్పుకుంటుందో కర్రే చెబుతుంది, మనం విని చెక్కాలి.

కళ్ళు చిట్టచివర. కిరీటం, హారాలు, పంచె మడతలు, పాదాల గోళ్ళు అన్నీ అయ్యాక, నునుపు చేశాక, పొద్దున్నే తలస్నానం చేసి కూర్చుంటాను. అప్పటిదాకా ఆ చోట రెండు ఉబ్బులు మాత్రమే ఉంటాయి. సన్న ఉలితో పైరెప్ప గీత ఒక్కసారే లాగాలి, మధ్యలో ఆగితే అతుకు తెలుస్తుంది. ఆ తర్వాత కిందిరెప్ప. చూపు కొంచెం కిందికి, తన పాదాల ముందు కూర్చున్న మనిషి మీద పడేలా ఉండాలి. గీత పూర్తయిన ఆ క్షణాన బల్ల మీద ఉన్నది కొయ్య కాదు. ఇన్నేళ్ళైనా నాకు అప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. పురోహితుడు చేసే ప్రాణప్రతిష్ఠ వేరు, దాన్ని మీ ఇంటి ఆచారం ప్రకారం చేయించుకోండి.

అభిషేకం

భాగవతంలో అదే చోట, పూత పూసిన మూర్తులకు స్నానం చేయించకుండా తుడవమని ఉంది. పూరీలో అయితే ఎంత చక్కటి ఉపాయమో చూడండి. రోజూ స్వామి ఎదుట అద్దం పెట్టి, అద్దంలో కనిపించే ప్రతిబింబానికి స్నానం చేయిస్తారు. నిజంగా నీళ్ళు పోసేది జ్యేష్ఠ పూర్ణిమ నాడు, 108 కుండలతో. ఆ తర్వాత స్వామికి జ్వరమని పదిహేను రోజులు దర్శనం ఉండదు, ఆ రోజుల్లోనే మళ్ళీ రంగులు దిద్దుతారు. కొయ్యకు తడి తగిలితే ఏమవుతుందో తెలిసినవాళ్ళు పెట్టిన పద్ధతి అది.

మీరు ఇంట్లో రెండు విధాలుగా చేయొచ్చు. పూరీలోలా చిన్న అద్దం పెట్టుకోండి. లేదా వేలెడంత వెండి మూర్తిని పక్కన ఉంచి దానికి అభిషేకం చేయండి. తిరుమలలో కూడా రోజువారీ అభిషేకం పల్లవ రాణి సామవాయి సమర్పించిన వెండి భోగ శ్రీనివాసమూర్తికే జరుగుతుంది కదా.

నేను చెక్కిన కృష్ణుడికి ఒక ఇంటివాళ్ళు ప్రతి ఏకాదశికీ పాలతో అభిషేకం చేశారు. మూడేళ్ళకు తిరిగి నా దగ్గరికి తెచ్చారు. పీఠం నల్లబడి, మెత్తబడి, వేలితో నొక్కితే లోపలికి పోతోంది, పాదాల సందుల్లో చీమలు. వాళ్ళ భక్తిలో ఏ లోపమూ లేదు. చెప్పాల్సిన జాగ్రత్త నేను చెప్పకపోవడమే తప్పు. అప్పటినుంచి విగ్రహం ఇచ్చేటప్పుడు ఆ మాట కాగితం మీద రాసిస్తున్నాను.

రోజూ పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. తడి గంధం, కుంకుమ విగ్రహానికి కాకుండా పాదాల ముందు చిన్న పళ్ళెంలో పెట్టండి. దీపం మూర దూరంలో ఉండనివ్వండి. కొబ్బరినూనె రాయొద్దు, జిడ్డుకు దుమ్ము పడుతుంది. ఏడాదికోసారి తేనెమైనం కొద్దిగా వెచ్చచేసి గుడ్డతో పల్చగా పట్టించి రుద్దండి. పీఠం కింద సన్నటి పిండిలా రాలుతుంటే పురుగు పట్టిందని గుర్తు, వెంటనే చెక్కినవాడికి చూపించండి.

బీట

కర్ర ఆరేటప్పుడు మొద్దు చుట్టుకొలత వెంబడి ఎక్కువగా, నడిమి నుంచి బయటికి తక్కువగా కుంచించుకుపోతుంది. ఆ తేడా తట్టుకోలేక నడిమి బిందువు నుంచి పగులు పుడుతుంది. నడిమి భాగం వద్దన్నది ఇందుకే. ఎంత ఆరిన కర్రయినా ఏసీ గదిలో పెడితే వెంట్రుక వాసి నెర్రె రావచ్చు. అది కర్ర ఊపిరి పీల్చుకోవడం లాంటిది. అందులో దోషం లేదు. అదే కర్ర పొడిని మక్కులా చేసి నింపేస్తే సరిపోతుంది.

దోషమని చెప్పేది అంగభంగానికి. ముఖం చీలడం, చెయ్యి విరిగిపోవడం లాంటివి. దానికీ దారి ఉంది. జీర్ణమైన కొయ్య ప్రతిమను అగ్నికి, రాతి ప్రతిమను నీటికి సమర్పించమని అగ్నిపురాణం చెబుతుంది. పూరీలో పాత మూర్తులను గుడి ఆవరణలోనే ఉన్న కోయిలి వైకుంఠం అనే చోట భూమిలో ఉంచుతారు. అధిక ఆషాఢం వచ్చిన ఏళ్ళలో నవకళేబరం చేసి కొత్త దారువులోకి స్వామి మారతాడు. 1996 తర్వాత మళ్ళీ 2015లో జరిగింది. శరీరం పాతబడితే మారడం సహజమే అని జగన్నాథుడే ఒప్పుకున్నాక, మన ఇంట్లో బీట చూసి భయపడాల్సిన పని లేదు.

పని మొదలుపెట్టిన కొత్తలో పండగ దగ్గరపడిందని పచ్చి వేపలోనే ఒక నరసింహస్వామిని చెక్కి ఇచ్చాను. ఎండాకాలం వచ్చేసరికి నుదుటి నుంచి గడ్డం దాకా చీలిపోయింది. ఆ ఇంటి పెద్దావిడ విగ్రహాన్ని తువ్వాలులో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చి నా బల్ల మీద పెట్టి ఏడ్చారు. ఇంటికి ఏమవుతుందో అని ఆవిడ భయం. ఇది స్వామి కోపం కాదమ్మా, నా తొందర అని చెప్పాను. పాతదాన్ని పద్ధతిగా అగ్నికి సమర్పించాం. ఆరిన కర్రలో మళ్ళీ చెక్కి ఇచ్చాను, డబ్బు తీసుకోలేదు. రెండోది ఇప్పటికీ వాళ్ళ ఇంట్లో పూజలో ఉంది.

చేత్తో చెక్కిందా, మిషన్‌దా

విగ్రహాన్ని తిరగేసి అడుగు చూడండి. నిజమైన కర్రకు అక్కడ చెట్టు వలయాల ముక్క కనిపిస్తుంది, ఆ నారే పక్కల మీదుగా పైకి పోతుంది. రంపపు పొట్టు, జిగురు కలిపి అచ్చు పోసినవాటికి అది ఉండదు. మిషన్ మీద తీసినదానికి మడతల్లో ఒకే దూరంలో సన్నటి సమాంతర గీతలుంటాయి. చెయ్యికీ ఒంటికీ మధ్య, హారం కింద, చెవి వెనక లోతు ఉండదు, ఎందుకంటే ఉలి పోయే సందులోకి మిషన్ ముల్లు పోలేదు. చాలాచోట్ల ఇప్పుడు మొదటి రూపం మిషన్ మీద తీసి ముఖం మాత్రం చేత్తో దిద్దుతున్నారు. అలా చేశానని చెప్పి తక్కువకు అమ్మితే అందులో మోసం లేదు, అది కొని పూజ చేసుకున్నా తప్పు లేదు. చెప్పకుండా చేతిపని ధర తీసుకోవడమే తప్పు.

జానెడు స్వామికి నాకు పది పన్నెండు రోజులు పడుతుంది. రెండు రోజుల్లో ఇస్తామంటే అర్థం చేసుకోండి.

చివరగా ఒకటమ్మా. ఎక్కడ చెక్కించుకున్నా ముందుగా చెప్పి, కళ్ళు దిద్దే రోజున మీ అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్ళండి. ఎదురుగా పీట వేసి ఆవిడను కూర్చోబెట్టమనండి.